మెనొనైట్లను యూరప్‌లో ఎవరు ఉండనిచ్చారు, ఏ లెక్కన ఉండనిచ్చారు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీ ఊళ్ళో ఎం.బి. (మెనొనైట్ బ్రదరన్) చర్చి ఉంది. ఆ పేరులోని "మెనొనైట్" అంటే ఏమిటా అని వెతికితే, 16, 17 శతాబ్దాల్లో యూరప్ అంతా వాళ్ళను వేటాడుతుంటే ఒక్క హాలండ్ మాత్రం పూర్తి మతస్వేచ్ఛ ఇచ్చిందని ఎక్కడో చదివారు. అది నిజమేనా, నిజమైతే డచ్చివాళ్ళకు అంత పెద్ద మనసు ఎలా వచ్చింది అని అడిగారు. చివర్లో, ఆమిష్ వాళ్ళూ వీళ్ళూ ఒకటేనా అని కూడా.

సూటిగా చెప్పాలంటే సగం నిజం. చంపారు, అందులో సందేహం లేదు. మిగతా చోట్ల కంటే హాలండ్ మేలే. కానీ పూర్తి స్వేచ్ఛ ఎక్కడా లేదు, హాలండ్‌లో కూడా లేదు. పైగా ఉండనిచ్చింది హాలండ్ ఒక్కటే కాదు. పోలండ్ రాజు కింద విస్తులా నది లంకల్లో ఉండనిచ్చారు. హాంబర్గ్‌ను ఆనుకున్న ఆల్టోనాలో, పట్టు నేసే క్రెఫెల్డ్‌లో, రైన్ ఒడ్డున పాలటినేట్‌లో, చివరికి రష్యాలో కూడా ఉండనిచ్చారు. ఈ చోట్లన్నిటిలో దొరికిన కాగితాల గురించి చదివితే నాకు తట్టిన మాట ఒకటే, కౌలు. పట్టాదారుకు భూమి మీద ఉన్నట్టు వీళ్ళకు తమ విశ్వాసం మీద హక్కు ఉండేది కాదు. ఫలానా దొర, ఫలానా షరతుల మీద, ఇంత కడితే, ఇన్నాళ్ళు ఉండనిస్తాడు, అంతే. దొర మారితే మళ్ళీ మొదటికి.

నేను పాలమూరు వైపు డిగ్రీ కాలేజీలో ఇరవై ఏడేళ్ళు చరిత్ర చెప్పి రిటైరయ్యాను. పుట్టింది కూడా ఎం.బి. సంఘంలోనే. కాబట్టి ఈ విషయం మీద కొంచెం ఎక్కువే మాట్లాడతాను, ఓపిక పట్టండి.

ముందు, వాళ్ళంటే అంత భయం ఎందుకు అన్నది తెలియాలి. అది తెలియకపోతే సహనం సంగతి అర్థం కాదు. మెనొనైట్ల కథ మొదలయ్యేది ఇక్కడే. 1525 జనవరిలో స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్‌లో కొందరు కుర్రవాళ్ళు ఒక ఇంట్లో కూడి ఒకరికొకరు బాప్తిస్మం ఇచ్చుకున్నారు. పసిపిల్లలప్పుడు పొందినది చెల్లదు, తెలిసి నమ్మినవాడికే బాప్తిస్మం అన్నారు. అందుకే శత్రువులు వాళ్ళకు అనాబాప్టిస్టులు, అంటే మళ్ళీ ముంచేవాళ్ళు అని పేరు పెట్టారు. మనకు ఇది సంఘంలో తేల్చుకోవలసిన తగువులా కనిపిస్తుంది. అప్పటి నగర పాలకులకు అలా కనిపించలేదు. ఊళ్ళో పుట్టిన ప్రతి బిడ్డా చర్చిలో బాప్తిస్మం పొందాలి, అదే వాడు ఆ ఊరివాడన్న గుర్తు. దానికి తోడు వీళ్ళు ఒట్టు వేయరు. "ఎంతమాత్రము ఒట్టుపెట్టుకొనవద్దు" అన్న క్రీస్తు మాటను అక్షరాలా పట్టుకున్నారు. ఆనాడు పౌరుడు కావాలన్నా, కోర్టులో సాక్ష్యం చెప్పాలన్నా, వృత్తి సంఘంలో చేరాలన్నా ఒట్టే ఆధారం. మూడోది, కత్తి పట్టరు. ఊరి గోడ మీద కాపలా కాయమంటే రారు. అంటే ఊరి లెక్కలో చేరరు, పాలకుడికి మాట ఇవ్వరు, యుద్ధానికి రారు. ఇలాంటి మనిషిని ఏ రాజు నమ్ముతాడు?

జ్యూరిక్ నగర సభ నీళ్ళలో మునిగినవాళ్ళకు నీళ్ళే శిక్ష అంది. 1527 జనవరిలో, ఆ కుర్రవాళ్ళలో ఒకడైన ఫెలిక్స్ మాంజ్‌ను లిమ్మాట్ నదిలో ముంచి చంపారు. చంపించింది సంస్కరణవాదులే, అంటే కేథలిక్ చర్చి నుంచి విడిపోయిన ప్రొటెస్టంట్లే, కేథలిక్కులు కాదు. రెండేళ్ళ తర్వాత, 1529లో, స్పేయర్‌లో కూడిన సామ్రాజ్య సభ రెండోసారి బాప్తిస్మం పొందినవాళ్ళకు మరణశిక్ష అని చట్టం చేసింది. పాత రోమన్ చట్టంలో ఉన్నదాన్నే తిరగదోడారు. ఒకరి ముఖం ఒకరు చూడడానికి ఇష్టపడని కేథలిక్కులూ లూథర్ వర్గం వాళ్ళూ ఈ ఒక్కదాని మీద మాత్రం ఏకమయ్యారు.

దాని మీద 1534-35లో మ్యూన్‌స్టర్ గొడవ. అనాబాప్టిస్టుల్లోనే ఒక ఉగ్రవర్గం ఆ నగరాన్ని పట్టుకుని, కత్తి పట్టి, బహుభార్యాత్వం పెట్టి, ఒక దర్జీని రాజును చేసింది. నగరం పడిపోయాక నాయకుల శవాలను మూడు ఇనప బోనుల్లో పెట్టి చర్చి గోపురానికి వేలాడదీశారు. ఆ బోనులు ఇప్పటికీ అక్కడే వేలాడుతున్నాయి. ఆ తర్వాత రెండు వందల ఏళ్ళ పాటు మెనొనైట్ ఎవడు ఎక్కడ అర్జీ పెట్టుకున్నా "నేను మ్యూన్‌స్టర్ వాణ్ణి కాదు" అని మొదలుపెట్టాల్సి వచ్చింది.

మెనో సైమన్స్ రంగంలోకి వచ్చింది అప్పుడే. నెదర్లాండ్స్‌లో ఫ్రీస్‌లాండ్‌లోని విట్మార్సమ్‌లో పుట్టిన కేథలిక్ గురువు ఆయన. మెనొనైట్ అన్న పేరు ఆయన పేరు నుంచే వచ్చింది. 1536లో గురువు పదవి వదిలేసి, మ్యూన్‌స్టర్ తర్వాత చెల్లాచెదురైన శాంతివాదులను కూడగట్టాడు. 1542లో చక్రవర్తి ఐదో చార్లెస్ ఆయన తల మీద వంద గిల్డర్లు వెల కట్టాడు. ఆయన్ని పట్టుకోలేకపోయారు. 1561లో ఉత్తర జర్మనీలోని హోల్‌స్టైన్‌లో, ఫ్రెజెన్‌బర్గ్ ఎస్టేటులో, పరుపు మీదే పోయాడు. ఆ ఎస్టేటు దొర బార్తొలొమేయుస్ ఫాన్ ఆలెఫెల్ట్ యువకుడిగా నెదర్లాండ్స్‌లో సైన్యంలో పనిచేసినప్పుడు ఈ మనుషులను చంపడం కళ్ళారా చూశాడు. అది మనసులో ఉండిపోయి, తన భూమిలో చోటిచ్చాడు. ఈ దొరను గుర్తుపెట్టుకోండి, ఆయన సంగతి మళ్ళీ వస్తుంది.

ఇక హాలండ్. డచ్చివాళ్ళు పుట్టుకతో సహనశీలురు అని మా విద్యార్థులు రాసేవాళ్ళు. నేను మార్కు కోసేవాణ్ణి. 1569లో ఆస్పెరెన్ అనే ఊళ్ళో డిర్క్ విల్లెమ్స్ అనే మెనొనైట్ చెరసాల నుంచి తప్పించుకుని గడ్డకట్టిన చెరువు మీదుగా పరిగెత్తాడు. వెంటపడ్డవాడి కింద మంచు పగిలి వాడు నీళ్ళలో పడ్డాడు. డిర్క్ వెనక్కి వచ్చి వాడికి చేయి అందించి పైకి లాగాడు. ఒడ్డున నిలబడ్డ అధికారి అరుపులకు, బతికి బయటపడ్డవాడే డిర్క్‌ను పట్టుకున్నాడు. ఆ మే నెలలో ఆయన్ని కాల్చేశారు. ఇది జరిగింది ఇవాళ్టి నెదర్లాండ్స్ నడిబొడ్డున. చిన్నప్పుడు మా సండే స్కూల్లో ఈ కథ చెబుతూ బల్ల మీద చాక్‌పీసుతో మంచు గీసేవారు. మాలో ఒక్కడం కూడా మంచు చూసి ఎరగం, అయినా ఆ కథ వింటుంటే అరికాళ్ళు చల్లబడేవి.

మార్పు స్పెయిన్ మీద తిరుగుబాటుతో వచ్చింది. తిరుగుబాటు నడిపిన ఆరెంజ్ ప్రభువు విలియమ్ చేతిలో సైన్యం ఉంది, జీతాలకు డబ్బు లేదు. 1572లో ఇద్దరు మెనొనైట్లు తమ సంఘాలు చందాలు వేసి పోగుచేసిన వెయ్యికి పైగా గిల్డర్లు తీసుకెళ్ళి ఆయన చేతిలో పెట్టారు. బదులుగా ఏం కావాలి అంటే, దేవుడు మీకు అధికారమిస్తే మమ్మల్ని దయతో చూడండి చాలు అన్నారట. యుద్ధం చేయనివాళ్ళు యుద్ధానికి డబ్బివ్వడమేమిటి అని మీకు అనిపించవచ్చు. వాళ్ళలోనూ కొందరికి అనిపించింది.

ఐదేళ్ళ తర్వాత దానికి ఫలితం కనిపించింది. మిడిల్‌బర్గ్ నగర పెద్దలు పౌరుల ఒట్టు వేయలేదని మెనొనైట్ల దుకాణాలు మూయించారు. విలియమ్ 1577 జనవరిలో ఉత్తరం రాశాడు. ఒట్టుకు బదులు వాళ్ళు "అవును" అంటే ఒప్పుకోండి, మాట తప్పితే ఒట్టు తప్పినవాడికి వేసే శిక్షే వేయండి, దుకాణాలు తెరవనివ్వండి అని. "అవునంటే అవును, కాదంటే కాదు" అన్న సువార్త మాట అలా ఒక ప్రభుత్వ కాగితంలో చట్టపు విలువ తెచ్చుకుంది. నా దృష్టిలో మెనొనైట్ల చరిత్రలో ఇది తిరగబడ్డ రాష్ట్రాలు 1579లో చేసుకున్న ఉట్రెక్ట్ ఒప్పందం కన్నా ముఖ్యమైన కాగితం. ఆ ఒప్పందం 13వ నిబంధన మతం పేరుతో ఎవరినీ విచారించకూడదు, బాధించకూడదు అంది. బాగుంది. కానీ మనిషికి అన్నం పెట్టేది దుకాణం తలుపు, దాన్ని తెరిపించింది ఆ ఉత్తరం.

అదే సమయంలో స్పెయిన్ చేతిలో మిగిలిన దక్షిణ భాగంలో, 1597లో, బ్రస్సెల్స్ దగ్గర ఆన్నెకెన్ అనే పనిమనిషిని ప్రాణాలుండగా పూడ్చిపెట్టారు. భాష అదే, జనం వాళ్ళే. తేడా పాలకుడిదే. జనం మనసే కారణమైతే సరిహద్దుకు అటూ ఇటూ ఇంత తేడా రాదు.

మరి ఉత్తరాన ఎంతవరకు ఇచ్చారు? మా అమ్మాయి కొన్నేళ్ళు ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉద్యోగం చేసింది. వెళ్ళినప్పుడు సింగెల్ కాలువ ఒడ్డున 1608 నాటి మెనొనైట్ చర్చి ఉందని వెతుక్కుంటూ పోయాను. రెండుసార్లు దాని ముందునుంచే నడిచిపోయాను, కనిపించలేదు. గోపురం లేదు, గంట లేదు, శిలువ లేదు. పక్కిళ్ళలాగే ఒక ఇల్లు, ఒక తలుపు. తలుపు దాటి నడవా గుండా లోపలికి వెళితే ఒక్కసారిగా పెద్ద హాలు, చుట్టూ చెక్క బాల్కనీలు. అందరికీ తెలుసు అది చర్చి అని. వీధిలోకి కనిపించకపోతే చాలు, తెలియనట్టు నటించేవాళ్ళు. హాలండ్ సహనమంటే అది. నాకు మన ఊళ్ళో అందరికీ తెలిసీ ఎవరూ పైకి మాట్లాడని కొన్ని సంగతులు గుర్తొచ్చాయి.

ప్రభుత్వ పదవులు వాళ్ళకు లేవు. అవి సంస్కరణ చర్చి సభ్యులకే. ఆ తలుపు తెరుచుకున్నది 1795 విప్లవం తర్వాతే. ఊరూరికీ తేడా ఉండేది. గ్రోనింగన్ 1601లో వాళ్ళ కూటాలను నిషేధిస్తూ ఆజ్ఞ వేసింది. పదవులు మూసేయడంతో వ్యాపారంలోకి దిగి కొందరు బాగా సంపాదించారు. రెంబ్రాంట్ 1641లో గీసిన బోధకుడు ఆన్‌స్లో గుడ్డల వ్యాపారి, మెనొనైట్. అందులో ఆయన పక్కన బల్ల మీద పరిచి ఉన్న తివాచీ చూడండి. మన హతసాక్షుల కథల్లోని మెనొనైట్ ఇంట్లో అలాంటిది ఊహించగలరా?

ఇప్పుడు కౌలు మాట ఎందుకన్నానో చెబుతాను. కౌలు అరబ్బీ నుంచి వచ్చిన మాట, మాట ఇవ్వడం, అభయం ఇవ్వడం అని అర్థం. మన దక్కన్‌లో బీడుపడ్డ భూమిని సాగులోకి తేవడానికి రైతులకు కౌలునామా ఇచ్చేవారు. మొదట్లో శిస్తు తక్కువ, భూమి దారికొచ్చాక ఎక్కువ. ఇది మనసులో పెట్టుకుని పాలటినేట్ కాగితం చూడండి. ముప్పై ఏళ్ళ యుద్ధంలో (1618-48) ఆ రాజ్యం నేలమట్టమైంది. దున్నేవాడు లేడు. 1664లో అక్కడి పాలకుడు కార్ల్ లుడ్విగ్ మెనొనైట్లకు అనుమతి పత్రం ఇచ్చాడు. మొదటి సంవత్సరం ఇంటికి మూడు గిల్డర్లు, తర్వాత ఏటా ఆరు. ఎక్కువమంది కూడకూడదు, ఇతరులను తమలో కలుపుకోకూడదు, మళ్ళీ బాప్తిస్మం ఇవ్వకూడదు. గోల్కొండ అమీను రాసినట్టే లేదూ?

తరువాతి పాలకులు ఆ పన్ను పెంచారు. 18వ శతాబ్దంలో ఇంకో మెలిక పెట్టారు. మెనొనైట్ కొన్న భూమిని పాత యజమాని ఎన్నేళ్ళకైనా పాత ధరకే వెనక్కి తీసుకోవచ్చన్నారు. బీడును పంటపొలం చేశాక, బీడు రేటుకి. టెన్షన్ లేకుండా ఒక్క రాత్రి నిద్రపోయేవాళ్ళా అనిపిస్తుంది నాకు. ఆ ప్రాంతం నుంచి పెన్సిల్వేనియాకు అంతమంది ఎందుకు ఓడెక్కారో దీన్నిబట్టి ఊహించండి.

విస్తులా లంకల సంగతైతే పోలిక కూడా అక్కర్లేదు, అది అచ్చంగా కౌలే. డాన్‌జిగ్ (ఇప్పటి గ్డాన్స్క్) చుట్టూ సముద్రమట్టానికి దిగువన ఉన్న బురద నేల. నెదర్లాండ్స్‌లో నీళ్ళు తోడి నేల తేల్చడం వచ్చిన మనుషులు ప్రాణభయంతో పారిపోయి వస్తున్నారు. ఇక్కడ దొరలకు అలాంటివాళ్ళే కావాలి. 16వ శతాబ్దం మధ్య నుంచి ముప్పై, నలభై ఏళ్ళ కౌలుకు ఊళ్ళకు ఊళ్ళు ఇచ్చారు. కౌలు ఊరందరిది కలిపి, ఒకడు కట్టకపోతే మిగతావాళ్ళు కట్టాలి. ఊరిపెద్దను వాళ్ళే ఎన్నుకోవచ్చు. గట్లు వేశారు, కాలువలు తవ్వారు, గాలిమరలతో నీళ్ళు తోడారు. గడువు తీరినప్పుడల్లా కౌలు తిరగరాయించుకోవాలి, దానికి మళ్ళీ రుసుము.

ఈ డాన్‌జిగ్‌లోనే నాకు బాగా ఇష్టమైన మనిషి ఒకడున్నాడు. ఆడమ్ వీబె, ఫ్రీస్‌లాండ్ నుంచి వచ్చిన మెనొనైట్ ఇంజినీరు. 1644లో నగరం కోటబురుజు ఎత్తు చేయాలనుకుంది. మట్టి కోట బయట కొండ మీద ఉంది, మధ్యలో లోయ. వీబె కొండ నుంచి బురుజు దాకా స్తంభాలు పాతి, వాటి మీద తిరిగే తాడు కట్టి, తాడుకు బుట్టలు వేలాడదీశాడు. నిండు బుట్టలు ఇటు, ఖాళీ బుట్టలు అటు, ఆగకుండా. దాని బొమ్మను ఆ ఏడే రాగిరేకు మీద చెక్కి అచ్చువేశారు. కత్తి పట్టనివాడు కోటకు మట్టి మోయించాడు! నగరం గోడలోపల అతని తోటి విశ్వాసుల్లో చాలామందికి పౌరసత్వం లేదు. వాళ్ళు ఎక్కువగా గోడ బయట, బిషప్ భూముల్లో ఉండేవారు. లూథర్ వర్గం నగరసభ వద్దంటే కేథలిక్ బిషప్ చోటివ్వడం, అద్దెల కోసం.

1642లో హాక్స్‌బెర్గ్ అనే రాజోద్యోగి వీళ్ళ ఆస్తులు జప్తు చేసుకోవచ్చని రాజు దగ్గర కాగితం సంపాదించి, దాన్ని చూపించి పెద్దమొత్తాలు గుంజాడు. మెనొనైట్లు రాజు దగ్గరికి పోయారు. అదే ఏడాది డిసెంబరులో రాజు నాలుగో వ్వాదిస్వావ్ రక్షణ పత్రం ఇచ్చాడు. పనికిరాని చిత్తడిని తమ కష్టంతో పండే నేల చేశారని అందులో మెచ్చుకున్నాడు. చాలా పుస్తకాలు ఈ మెప్పును మాత్రమే ఎత్తి చూపిస్తాయి. అదే సంవత్సరం అదే రాజు సంతకంతో జరిగిన వసూలు సంగతి కూడా పక్కన పెట్టి చదవాలి. నా విద్యార్థులకు ఎప్పుడూ చెప్పేవాణ్ణి: సహనపత్రం చూస్తే మూడు అడగండి. సంతకం ఎవరిది? ఎంత కట్టాలి? ఏమి చేయకూడదు?

1772లో పొరుగు రాజ్యాలు పోలండ్‌ను పంచుకున్నప్పుడు ఆ లంకలు ప్రష్యా చేతికొచ్చాయి. కొత్త దొర ప్రష్యా రాజు ఫ్రెడరిక్, మతం విషయంలో ఎవరి దారి వారిది అన్నవాడు. 1780లో వాళ్ళకు సైనిక సేవ మినహాయించాడు. బదులుగా ఏటా ఐదువేల టాలర్లు కట్టాలి. ఆ డబ్బు ఎక్కడికి పోతుందో తెలుసా? కుల్మ్‌లోని సైనిక పాఠశాలకు, అక్కడ ఆఫీసర్లు కాబోయే పిల్లల చదువుకు. కత్తి పట్టనందుకు కత్తిసాము నేర్చుకునేవాళ్ళ ఫీజు కట్టారన్నమాట.

అప్పుడు ఇంకో చిక్కు బయటపడింది. ప్రష్యాలో సైనికుల భర్తీ భూమితో ముడిపడి ఉండేది. రైతు కుటుంబం నుంచి పటాలానికి మనుషులు రావాలి. మెనొనైట్ ఒక పొలం కొంటే పటాలానికి ఒక ఇల్లు తగ్గినట్టే. వీళ్ళకేమో పిల్లలు ఎక్కువ, పొలాలు కావాలి. 1789లో తర్వాతి రాజు ఆజ్ఞ వేసి కొత్త పొలాలు కొనడానికి అడ్డుకట్ట వేశాడు. విశ్వాసం జోలికి ఎవరూ రాలేదు, గమనించండి. కూటాలు పెట్టుకోవచ్చు, ప్రార్థనలు చేసుకోవచ్చు. కొడుక్కి పొలం మాత్రం కొనలేవు. ఆ ఏళ్ళలోనే రెండు వందలకు పైగా కుటుంబాలు బండ్లు కట్టుకుని రష్యాలో ద్నీపర్ ఒడ్డున ఖోర్తిత్సాకు వెళ్ళిపోయాయి. అక్కడ కేథరిన్ మహారాణి పిలుపు ఉంది, కుటుంబానికి 65 దెస్యాతిన్‌ల (రష్యన్ భూమి కొలత) భూమి ఉంది, సైన్యంలో చేరక్కర్లేదు. ఒకటే షరతు, ఆర్థడాక్స్ చర్చివాళ్ళకు సువార్త చెప్పకూడదు. 1800లో పాల్ చక్రవర్తి ఆ మాటను పత్రంగా రాసిచ్చాడు.

ఆల్టోనా, క్రెఫెల్డ్‌ల గురించి క్లుప్తంగా. ఆల్టోనాలో 1601లో అక్కడి కౌంటు అనుమతి ఇచ్చాడు. గోడ పక్కనే ఉన్న హాంబర్గ్ వ్యాపారాన్ని తనవైపు లాక్కోవడానికి. అప్పట్లో మెనొనైట్ చర్చి ఉండిన వీధి పేరు గ్రోసె ఫ్రైహైట్, అంటే పెద్ద స్వేచ్ఛ. ఇప్పుడది హాంబర్గ్‌లో నైట్‌క్లబ్బుల వీధి. బీటిల్స్ బృందం పేరు తెచ్చుకోకముందు వాయించింది అక్కడే. పొద్దున పదింటికి వెళ్ళాను, క్లబ్బుల ముందు పైపుతో నీళ్ళు కొట్టి కడుగుతున్నారు, వీధంతా బీరు వాసన. క్రెఫెల్డ్ అయితే ఫాన్ డెర్ లాయెన్ అనే మెనొనైట్ కుటుంబం పట్టుతో ఎదిగిన ఊరు. పెద్ద వ్యాపారి ఇంటి ముందు మతం సంగతి ఎవరూ ఎత్తరు, ఏ దేశంలోనైనా.

ఇంతా చదివి "అయితే అంతా డబ్బేనా?" అంటే, కాదు. ఇక్కడ నేను చాలామంది తోటి మాస్టర్లతో విభేదిస్తాను. డబ్బే అయితే స్విట్జర్లాండ్‌లోని బెర్న్ రాజ్యం సంగతి ఏం చెబుతారు? ఎమ్మెంటాల్ లోయలో మెనొనైట్లు మంచి రైతులు, పశువుల పెంపకంలో దిట్టలు. అయినా బెర్న్ 1659లో వాళ్ళ కోసమే ప్రత్యేక విభాగం పెట్టింది. పట్టిచ్చేవాళ్ళకు డబ్బిచ్చి వేటగాళ్ళను పెట్టింది. 1671లో కొందరిని వెనిస్ ఓడల్లో తెడ్లు వేయడానికి పంపింది. అదే ఏడు ఏడు వందల మంది దాకా పాలటినేట్‌కు తరిమింది. బెర్న్‌కు తన పొలాలు దున్నే మనుషులు ఉన్నారు, కావలసింది ఒక్క మాట మీద నిలబడే ప్రజ. అక్కడ యుద్ధం ఊళ్ళను ఖాళీ చేయలేదు. అవసరం లేని చోట సహనానికి బేరం కుదరలేదు. సరే, ఇది మళ్ళీ డబ్బు వాదనకే బలం అంటారు మీరు. మరి ఫ్రెజెన్‌బర్గ్ దొర? మెనోను దాచినందుకు ఆయన మీద పైనుంచి ఒత్తిడి తప్ప వచ్చిన లాభం పెద్దగా లేదు. చూసిన మంటలు ఆయన్ని నిద్రపోనివ్వలేదు, అంతే.

ఇంకో ఉదాహరణ. 1710లో బెర్న్ యాభైమందికి పైగా ఖైదీలను పడవ ఎక్కించి, రైన్ మీదుగా అమెరికాకు తరిమేయబోయింది. పడవ హాలండ్ దాటే కదా సముద్రంలోకి పోవాలి. డచ్చి ప్రభుత్వం మా నేల మీదుగా మతం కారణంగా ఖైదీలను తీసుకుపోనివ్వం అంది. ముసలివాళ్ళను, జబ్బువాళ్ళను దారిలో మాన్‌హైమ్‌లోనే దించేశారు. మిగిలినవాళ్ళు నైమేగన్‌లో ఒడ్డుకు దిగి విడుదలయ్యారు. అక్కడి మెనొనైట్ సంఘం ఆదుకుంది. ఇందులో డచ్చి ప్రభుత్వానికి పైసా రాదు. ఆమ్‌స్టర్‌డామ్ మెనొనైట్ వ్యాపారులు వెనకాల తిరిగి పని చేయించారన్నది నిజమే. అంటే కౌలుదారు నాలుగు తరాల్లో పరపతి సంపాదించాడు, దాన్ని ఎవరో తెలియని కొండప్రాంతపు రైతుల కోసం ఖర్చుపెట్టాడు.

సహనం దొరకనిది కూడా చూడండి. పోలండ్‌లోనే పోలిష్ బ్రదరన్ అనే ఇంకో వర్గం ఉండేది. వాళ్ళూ పసిపిల్లల బాప్తిస్మం ఒప్పుకోలేదు, త్రిత్వాన్నీ ఒప్పుకోలేదు. వాళ్ళలో ప్రభువంశీయులు, పండితులు ఉన్నారు, వాదించారు, పుస్తకాలు అచ్చేశారు. 1658లో దేశం నుంచి పంపేశారు. గట్లు వేసుకుంటూ నోరు మెదపని మెనొనైట్లు మిగిలారు. జర్మన్‌లో వీళ్ళకు "దేశంలోని మౌనులు" అని పేరు వచ్చింది. నా అభిప్రాయంలో కౌలులో అసలు ఖరీదైన షరతు ఇదే. 1530లలో వీధుల్లో బోధించిన మనుషులు, వందేళ్ళలో తమ పిల్లలకు తప్ప ఎవరికీ చెప్పనివాళ్ళయ్యారు.

వాళ్ళ లోపల సహనం ఎంత అంటారా, అడగకపోతేనే మంచిది. మన పల్లెల్లో వెలి ఎలా ఉండేదో వాళ్ళ సంఘాల్లోనూ అలాగే. వెలివేసినవాడితో కలిసి తినకూడదు, కొందరి లెక్కలో భార్య కూడా. 1566 ప్రాంతంలో ఫ్లెమిష్, ఫ్రీజియన్ అని రెండుగా చీలి ఒకరినొకరు వెలివేసుకున్నారు.

మీ ఊరి చర్చి దగ్గరికి వస్తే, దారి ఇలా పడింది. ఖోర్తిత్సా తర్వాత 1804లో మొలోచ్నా అనే రెండో కాలనీ వెలసింది. 1860లో అక్కడే మెనొనైట్ బ్రదరన్ సంఘం విడిగా ఏర్పడింది. ఆ సంఘం నుంచి అబ్రహాం ఫ్రీజెన్ దంపతులు 1889లో మన దేశం వచ్చి, అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషన్‌తో కలిసి నల్గొండలో పనిచేశారు. పదేళ్ళకు, 1899లో, అమెరికాలోని మెనొనైట్ బ్రదరన్ వాళ్ళు హైదరాబాదు వచ్చి, తర్వాత పాలమూరు వైపు పాకారు. పక్క ఊరి రష్యన్ రైతుకు చెప్పకూడదన్న మాట నోట్లోనే ఉండిపోయి, చివరికి తెలుగులో బయటికొచ్చిందేమో అని నాకు అనిపిస్తుంటుంది. ఇది నా ఊహ మాత్రమే, పరీక్షలో రాయకండి.

ఇక ఆమిష్ ప్రశ్న. వాళ్ళు వేరు, కానీ అన్నదమ్ముల పిల్లలే. 1693లో స్విట్జర్లాండ్, ఆల్సాస్‌లలో యాకోబ్ అమ్మాన్ అనే పెద్ద, వెలి ఇంకా గట్టిగా పాటించాలని పట్టుబట్టి విడిపోయాడు. ఆయన పేరు మీదే ఆమిష్. 1712లో పద్నాలుగో లూయీ వాళ్ళను ఆల్సాస్ వదిలిపొమ్మన్నాడు. చాలామంది కాస్త దూరంలోని మోంబెలియార్ సంస్థానానికి పోయి, అక్కడి దొర పొలాలు కౌలుకు తీసుకున్నారు.